రెక్కల నడుమ జాగా

నేటి వాక్యభాగం: నిర్గమకాండము 25:17–22; యోహాను 20:11–16

కొండమీద దేవుడు మోషేకు చెప్పిన కొలతల్లో మందసానికి మూతగా ఉండే కరుణాపీఠం కొలతలు ఉన్నాయి. పొడవు రెండున్నర మూరలు, వెడల్పు మూరన్నర, మేలిమి బంగారం. రెండు కొసలకు రెండు కెరూబులు. అవీ బంగారమే, సుత్తెతో కొట్టి మలచిన పని. వాటి రెక్కలు పైకి విచ్చుకొని పీఠాన్ని కమ్మాలి. ముఖాలు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి. చూపులు పీఠం మీదికి వాలాలి. రెక్క ఎటు తిరగాలో, కన్ను ఎటు చూడాలో ఇంత వివరంగా చెప్పిన దేవుడు ఆ రెండు బొమ్మల నడుమ ఏం పెట్టాలో చెప్పలేదు. తాను మోషేను కలుసుకునేది, అతనితో మాట్లాడేది ఆ నడుమ నుంచే అని మాత్రం చెప్పాడు.

ఈ పని బెసలేలు చేతికి వచ్చింది. బంగారం, వెండి, ఇత్తడి, రాయి, కర్ర, దేనిలోనైనా పనితనం చూపించగల మనిషి. అతణ్ణి దేవుడు పేరుపెట్టి పిలిచి తన ఆత్మతో నింపినట్టు ఈ గ్రంథంలోనే 31వ అధ్యాయం చెబుతుంది. అతని జనం ఐగుప్తు నుంచి వచ్చినవాళ్లు. అక్కడ గుడి అంటే లోపల దేవుడి విగ్రహం ఉండాల్సిందే, మిగతా కట్టడమంతా దాని కోసమే. అలాంటి చోటి నుంచి వచ్చిన పనివాడు ఈ బంగారాన్నంతా మలిచి, రెక్కలు విప్పి, చూపులు దించి, సరిగ్గా అందరి కన్ను పడే చోట చేయి ఆపుకున్నాడు. 37వ అధ్యాయంలో అతను చేసిన పని అంతా వరసగా ఉంది. నడుమ చేర్చింది ఏదీ లేదు. ఆ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం అదేనని నా నమ్మకం. చేయగలిగిన చెయ్యి ఊరుకోవడానికి చాలా విధేయత కావాలి.

కెమెరా పట్టుకునే విశ్వాసులకు బెసలేలు గుర్తుండాలని నా ఆశ. ఫొటోలో మనం చూపించదలచిన మనిషి చుట్టూ, చెట్టు చుట్టూ మిగిలే ఖాళీని ఫొటోగ్రాఫర్లు నెగెటివ్ స్పేస్ అంటారు. ఆకాశం, చెరువు నీళ్లు, సున్నం కొట్టిన గోడ, దుక్కి దున్ని వదిలిన చెల్క, చీకటి, ఇవన్నీ అందులోకి వస్తాయి. ఫొటో నేర్చుకునేవాళ్లకు దీన్ని సాధారణంగా చివర్లో చెబుతారు. మొదట చెప్పాలని నా అభిప్రాయం. మిగతా పాఠాలన్నీ ఫ్రేమ్‌లో ఏం పెట్టాలో నేర్పుతాయి. ఈ ఒక్క పాఠం ఎక్కడ చేయి ఆపాలో నేర్పుతుంది.

మా సంఘంలో యువతీ యువకులకు ఫొటోలు తీయడం చూపిస్తూ ఉంటాను. అందరి దగ్గరా ఫోన్లే. వాళ్లను తెల్లవారుజామున పానగల్లు దగ్గర ఉదయ సముద్రం కట్ట మీదికి తీసుకెళ్లడం నాకు ఇష్టం. కందూరు చోడులు తవ్వించిన పాత చెరువు అది, నల్లగొండ పట్నానికి ఆనుకొనే ఉంటుంది. చలికాలం పొద్దున మంచు పట్టినప్పుడు నీళ్లకూ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోతుంది. ఎక్కడో ఒక మనిషి తెప్ప మీద కూర్చుని వల వేస్తుంటాడు. పిల్లలు మొదట చేసేది జూమ్ చేయడం. రెండు వేళ్లతో తెర లాగి, ఆ మనిషిని దగ్గరికి తెచ్చి, ఫ్రేమ్ నిండేదాకా పెంచుతారు. ఫోన్‌లో అలా లాగితే దూరం తగ్గదు, బొమ్మ పొడిపొడిగా విడిపోతుంది. జూమ్ తీసేసి ఉన్నంత వెడల్పుతోనే తీయమంటాను.

"అన్నా, గిట్ల తీస్తే ఆయన చీమంత కనబడ్తుండు. ఇంత జాగా ఉట్టిగ వోతది గద?" అని ఒక పిల్ల అడిగింది.

"ముందుగాల తియ్యి చెల్లె. తీసినంక దాన్ని జరసేపు చూడు," అన్నాను.

ఆ అమ్మాయి అడిగింది న్యాయమైన ప్రశ్న. జాగా ఉట్టిగా పోతుందన్న భయం మనందరిలో ఉంది. కష్టపడి సంపాదించిన గుంట భూమిని పడావు పెట్టడానికి మనసొప్పని రైతుబిడ్డలం మనం. పైగా ఈ నేల మీద ఖాళీ అంటే కరువు గుర్తొస్తుంది. ఎండిన చెరువు, నీళ్లు పడని బోరు, గింజ రాలని చేను, ఇవి మన పెద్దలు చూసిన ఖాళీలు. వాళ్ల బిడ్డలకు ఖాళీలో అందం చూడమని చెప్పేటప్పుడు జాగ్రత్తగా చెప్పాలి. అందుకే నేను మాటలతో మొదలుపెట్టను. తెప్ప మనిషిని ఫ్రేమ్‌లో ఎడమ అంచు దగ్గర పెట్టి, ముఖం కుడివైపు ఉన్నప్పుడు ఒకటి తీయమంటాను. అతను చూసే వైపంతా నీళ్లే మిగులుతాయి. ఆ ఫొటో చూస్తే అతను ఎటో పోతున్నాడని, ముందు ఇంకా పొద్దు ఉందని అనిపిస్తుంది. తరవాత అదే మనిషి ముఖం ఎడమకు తిరిగినప్పుడు, అదే అంచు దగ్గర పెట్టి మరొకటి. ఇప్పుడు ఖాళీ అంతా వీపు వెనకే ఉంది. ముఖం అంచుకు తగులుతోంది. చూసేవాళ్ల గుండెలో ఏదో పట్టేసినట్టు ఉంటుంది. మనిషి మారలేదు, చెరువు మారలేదు, వెలుతురూ మారలేదు. ఖాళీ ఎటువైపు ఉందన్న దాన్నిబట్టి ఒక ఫొటో ఆశను చెప్పింది, ఒకటి అలసటను చెప్పింది. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు పిల్లలు ఆ తేడాను తమంతట తామే చూపించడం మొదలుపెడతారు.

చేతి పనికి సంబంధించినవి కొన్ని ఇక్కడే చెప్పాలి. ఖాళీ దానంతటది దొరకదు, కాళ్లు కదపాలి. మనిషి తల వెనక కరెంటు స్తంభం మొలిచినట్టు కనబడితే రెండడుగులు పక్కకు జరగాలి. కట్ట మీద నిలబడ్డ మనిషి వెనక తుమ్మచెట్లు, ఇళ్లు, ఫ్లెక్సీలు కలిసిపోతుంటే కట్ట దిగి, మోకాళ్ల మీద కూర్చుని, కెమెరాను కిందికి దించాలి. అప్పుడు ఆ తల వెనక ఆకాశం ఒక్కటే మిగులుతుంది. పట్నంలో క్లాక్ టవర్ సెంటర్ లాంటి రద్దీ చోట కూడా మోకాళ్ల మీదికి వస్తే ఏదో ఒక మూల ఆకాశం దొరుకుతుంది. ఇంకొకటి: ఫ్రేమ్‌లో తెల్లటి ఆకాశమో సున్నం గోడో ఎక్కువగా ఉంటే, కెమెరా వెలుతురు మరీ ఎక్కువైందనుకొని మొత్తాన్ని చీకటి చేస్తుంది. గోడ బూడిద రంగుకు తిరుగుతుంది, మనిషి ముఖం నల్లబడుతుంది. తెర మీద మనిషి ముఖాన్ని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం పైకి జరిపితే తెలుపు మళ్లీ తెలుపవుతుంది. ఖాళీని నమ్మమని యంత్రానికి కూడా మనమే చెప్పాలి.

సృష్టి రెండో రోజు దేవుడు చేసిందీ ఇలాంటి ఖాళీయే, విశాలం. జలాలను జలాల నుంచి వేరుచేసి నడుమ చోటు కల్పించి దానికి ఆకాశమని పేరుపెట్టాడు. సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు, పక్షులు ఆ తర్వాతి రోజుల్లో వచ్చాయి. ముందు చోటు, తర్వాత అందులో ఉండేవి. ఆదికాండం మొదటి అధ్యాయాన్ని ఒక పనివాడు చదివినట్టు చదివితే ఈ వరస కనబడుతుంది.

వట్టి ఆకాశం మన ప్రాంతపు పాత ఫొటోల కాలంలోనూ ఉంది. పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు 1890లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద వచ్చింది. ఆయన ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905). ఆ కాలపు గాజు పలకలకు పూసే మందు నీలిరంగు వెలుతురుకు మరీ తొందరగా స్పందించేది. కోట గోడకూ భవనానికీ సరిపడా వెలుతురు పట్టేలోపే ఆకాశం మాడిపోయి, కాగితం మీద ఉత్త తెలుపుగా వచ్చేది. యూరప్‌లో కొందరు ఫొటోగ్రాఫర్లు మబ్బులను విడిగా తీసి, రెండు నెగెటివ్‌లను కలిపి అచ్చు వేసేవారు. ఇప్పుడు ఫోన్లలో ఒక్క నొక్కుతో ఆకాశం మార్చేస్తున్నారు, అదే ఆత్రం. ఆ కాలపు పాత ఫొటోలు చూసే అవకాశం వస్తే ఆ వట్టి ఆకాశాలను కాసేపు చూడండి. వాటి కింద కట్టడం అంచులు కత్తితో కోసినట్టు ఎలా నిలబడతాయో గమనించండి. మందు బలహీనత వల్ల వచ్చిన ఖాళీ అది, అయినా కట్టడానికి మేలే చేసింది. మన బలహీనతలను దేవుడు ఎలా వాడుకుంటాడో తెలిసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

నేర్చుకునేవాళ్లను నిజంగా పరీక్షించే చోటు మాత్రం పిల్లలమర్రి. మహబూబ్‌నగర్ పక్కనే, సుమారు ఏడు వందల ఏళ్ల వయసున్నదని చెప్పుకునే మర్రి, ఎకరాల కొద్దీ పరుచుకొని ఉంది. దూరం నుంచి అది ఒక్క చెట్టులా కనబడదు, చిన్న గుట్టలా ఉంటుంది. లోపలికి చూస్తే మాను ఏదో, దిగి మానైన ఊడ ఏదో తెలియదు. ఎటు తిప్పినా ఫ్రేమ్ నిండిపోతుంది. కొమ్మ మీద కొమ్మ, ఆకు మీద ఆకు, మధ్యలో కన్ను మిరుమిట్లు గొలిపే ఎండ చుక్కలు. ఇక్కడ ఖాళీ ఎక్కడ దొరుకుతుందని అందరూ అడుగుతారు.

చీకట్లో దొరుకుతుంది. ఖాళీ అంటే తెల్లగా ఉండాలన్న నియమం లేదు. మర్రి కింద మధ్యాహ్నం వెలుతురుకూ నీడకూ ఉండే తేడాను ఏ కెమెరా పూర్తిగా పట్టలేదు. రెండూ కావాలని పాకులాడితే రెండూ పాడవుతాయి. కాబట్టి ఎండ పడుతున్న ఒక్క ఊడను ఎంచుకొని, దాని మీద వెలుతురు కొలిచి, మిగతాదంతా నల్లగా పోనివ్వాలి. అప్పుడు ఏడు వందల ఏళ్ల గందరగోళం అంతా నిశ్శబ్దమై, నేల వైపు దిగుతున్న ఒక ఊడ మాత్రం మిగులుతుంది. చీకటిని కూడా చోటుగా వాడుకోవచ్చని తెలియడం నేర్చుకునేవాళ్లకు పెద్ద విడుదల. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దు ఎటు తిరిగినా గర్భగుడిలో స్తంభం నీడ పడేలా రాళ్లు నిలిపిన శిల్పులకు నీడతో పని ఎలా చేయాలో బాగా తెలుసు.

పిల్లలమర్రి దగ్గర చెప్పుకోవాల్సింది ఇంకా ఉంది. 2017 డిసెంబరులో ఆ చెట్టులో ఒక భాగం కూలింది. చెదలు లోపల తినేశాయి. దశాబ్దాల తరబడి వచ్చిన జనం ఊడలు పట్టుకొని ఊగారు, కొమ్మలెక్కారు, దాని వేళ్ల మీదే తిరిగారు. అప్పుడు సందర్శకులను ఆపేసి చికిత్స మొదలుపెట్టారు. 2018లో ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలు వేలాడదీసి, చెదలమందును చుక్కచుక్కగా మాను లోపలికి ఎక్కించారు. బరువైన కొమ్మలకు కింద ఊతాలు కట్టారు. లేత ఊడలను గొట్టాల గుండా నేలలోకి దించారు. ఇంత వైద్యం జరుగుతున్నప్పుడు దానికి అవసరమైన ఇంకో మందు దాని చుట్టూ ఎవరూ లేకపోవడం. ప్రేమించే జనం కంచె బయట నిలబడాల్సి వచ్చింది. ఆ దూరంలో చెట్టు మళ్లీ చిగురు వేసింది.

ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి నాకు కరుణాపీఠం మరోలా అర్థమవుతోంది. మందసాన్ని ముట్టుకోకూడదన్న కట్టడ కఠినంగా ఉందని చాలామంది అంటారు. దాన్ని మోతకర్రలతోనే ఎత్తాలి, అతి పరిశుద్ధ స్థలంలోకి ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్క రోజే వెళ్లాలి. దేవుడు మనల్ని దూరం పెట్టడానికి ఇలా చేశాడని ఒకప్పుడు బోధించేవారు. ఆయన మన నడుమ ఉండటానికే ఇలా చేశాడని నేను అనుకుంటాను. ఎవరి చేయీ పడని చోటు ఒకటి జనం మధ్యలో ఉండాలి. పన్నెండు గోత్రాల గుడారాలన్నిటికీ మధ్యన ప్రత్యక్ష గుడారం, దాని లోపల ఆ పెట్టె, దాని మీద రెక్కల నడుమ ఆ కాస్త జాగా. పాళెం మొత్తం దాని చుట్టూ అమరింది. ఒక ఫ్రేమ్‌గా చూస్తే, ఆరు లక్షల మంది యోధులూ వాళ్ల కుటుంబాలూ ఉన్న ఆ దృశ్యంలో కన్ను చివరికి వెళ్లి ఆగేది ఏమీ లేని చోటే.

మన నేల మీదే, వేరే విశ్వాసంలో, ఇలా చేయి ఆపిన శిల్పులు ఉన్నారు. సూర్యాపేట వైపు ఫణిగిరి గుట్ట మీద ఇక్ష్వాకుల నాటి బౌద్ధ ఆరామం తవ్వకాల్లో బయటపడింది. అక్కడ దొరికిన వాటిలో బుద్ధపాదాలు చెక్కిన రాతిపలకలు ఉన్నాయి. తొలి బౌద్ధ శిల్పంలో బుద్ధుణ్ణి చూపాల్సిన చోట వట్టి సింహాసనం, పాదముద్రలు, చెట్టు, చక్రం కనబడతాయి. చుట్టూ మొక్కేవాళ్లు గుంపుగా ఉంటారు, మొక్కించుకునే మనిషి మాత్రం కనబడడు. తర్వాతి కాలంలో ఆయన రూపాన్నీ చెక్కారు, ఫణిగిరిలోనే అదీ ఉంది. ఆ శిల్పాల్లో కొన్ని 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రదర్శన దాకా వెళ్లాయి. నా విశ్వాసం వేరు. అయినా ఖాళీ సింహాసనం ముందు వంగిన ఆ తలలను చూస్తే, లేని బొమ్మ వైపు మన కళ్లను తిప్పగలిగిన ఆ ఉలికి నేను గౌరవం ఇస్తాను.

మనకూ ఇలాంటి వారసత్వం ఉంది, మరిచిపోతున్నాం. నల్లగొండ, పాలమూరు ప్రాంతాలకు సువార్త ఎక్కువగా బాప్టిస్టు, మెన్నోనైట్ మిషనరీల ద్వారా వచ్చింది. రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు 1890 ప్రాంతంలో నల్లగొండలో పని మొదలుపెట్టారు. ఆ సంప్రదాయాల్లో ప్రార్థన మందిరం గోడలు ఉత్త గోడలు. బొమ్మ లేదు, చిత్రం లేదు. సున్నం, కిటికీ, కిటికీలోంచి పడే వెలుతురు. పాత మందిరంలో ఆదివారం ముందు వరసలో కూర్చున్న ముసలమ్మను ఆ గోడకు ఆనించి ఫొటో తీసి చూడండి, ఇంకే అలంకారం అక్కర్లేదు. ఇప్పుడు ఆ గోడల మీద ఫ్లెక్సీలు, మెరిసే కాగితాలు, రంగురంగుల లైట్లు, మధ్యలో పెద్ద తెర. ఎవరి భక్తినీ నేను తక్కువ చేయను. కానీ కన్ను ఆగడానికి ఒక గోడైనా వట్టిగా ఉంచండని సంఘ పెద్దలను చేతులు జోడించి అడుగుతున్నాను.

ఫొటోలు తీసే పిల్లలను అడిగేది మరొకటుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన వాళ్ల ఫొటోలు దశాబ్దాలుగా పత్రికల్లో వచ్చాయి. ఆ ఫొటోలు రావాల్సిందే. అవి రాకపోతే ఎవరూ వినేవారు కాదు. ఇప్పుడు నదినీళ్లు వస్తున్నాయి, వంగిన ఎముక మాత్రం తిరిగి తిన్నగా కాదు. అలాంటి మనిషి ఇంటికి ఎప్పుడైనా వెళ్తే, ముందు కూర్చోండి. అడగండి. ఆయన సరేనంటేనే కెమెరా తీయండి. తీసేటప్పుడు ఫ్రేమ్‌ను వంగిన కాళ్లతో నింపేయకండి. వెనక్కి జరగండి. ఆయన ఇంటి గోడ, ఆయన దర్వాజ, ఆయన ముఖం ముందు ఆయన చూపు పోవడానికి కొంత చోటు ఉండనివ్వండి. ఎముక మనల్ని నివ్వెరపరచి పట్టేసుకుంటుంది. చోటు ఉన్నప్పుడు మాత్రమే ఆ మనిషి పేరు, చూపు, ఆలోచన మన దగ్గరికి వస్తాయి. దీన్ని నేను కంపోజిషన్ పాఠంగా చెప్పడం లేదు, పొరుగువాణ్ణి ప్రేమించడం కెమెరా చేతిలో ఉన్నప్పుడు ఎలా ఉంటుందో చెబుతున్నాను.

ఇక చాలామంది తీయడానికి వెనకాడే ఖాళీ ఒకటి. పాలమూరు నుంచి వలసపోయిన కూలీలు దేశంలో ఎన్ని ఆనకట్టలు, కాలువలు, రోడ్లు, మేడలు కట్టారో లెక్క లేదు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని గుంపులుగా పోయిన కాలం పెద్దలకు తెలుసు. నారాయణపేట, కోస్గి, మద్దూరు వైపు ఊళ్లనుంచి, తండాలనుంచి ముంబయి, పుణె దారి పట్టిన కుటుంబాలు ఎన్నో. అలాంటి ఊరికి పోతే వరసగా తాళాలు వేసిన తలుపులు కనబడతాయి. నడుమ ఒక ఇంటి అరుగు మీద ఒక అవ్వ కూర్చుని ఉంటుంది. పక్కన ఎవరూ ఉండరు.

ఆమెను దగ్గరగా తీస్తే ముడతలు వస్తాయి, అలాంటి ఫొటోలు మనకు ఎన్నో ఉన్నాయి. ఆమెను అరుగు ఒక చివరన ఉంచి, మిగిలిన అరుగంతా ఫ్రేమ్‌లోకి రానిచ్చి చూడండి. ఆ వట్టి అరుగు మీద కొడుకు కూర్చోవాలి, కోడలు బియ్యం ఏరుకోవాలి, మనవలు బడి సంచులు విసిరి ఆడుకోవాలి. వాళ్లెవరూ లేరు, అయినా ఆ ఫొటోలో ఎక్కువ చోటు వాళ్లదే. గచ్చు అరిగిన చోట ఎవరు కూర్చునేవారో అవ్వకు తెలుసు. ఈ ఫొటో తీయడానికి మంచి లెన్సు అక్కర్లేదు, తొందర లేకపోతే చాలు. ఆమె దగ్గర కూర్చుని బిడ్డల సంగతి అడిగిన తర్వాత తీసే ఫొటో వేరుగా వస్తుంది. ఎందుకంటే ఎంత జాగా వదలాలో అప్పటికి మీకు తెలిసిపోతుంది.

యోహాను 20వ అధ్యాయంలో మగ్దలేనే మరియ సమాధి బయట ఏడుస్తూ, వంగి లోపలికి చూసింది. తెల్లని బట్టల్లో ఇద్దరు దూతలు కనబడ్డారు. యేసు దేహం ఉంచిన చోట ఒకరు తలవైపు, ఒకరు కాళ్లవైపు కూర్చున్నారు. నడుమ ఏమీ లేదు. ఈ వచనం దగ్గర నేను ప్రతిసారీ ఆగుతాను. ఒక కొసకు ఒకరు, మరో కొసకు మరొకరు, మధ్యలో జాగా. బెసలేలు బంగారంతో మలిచిన ఆకారమే మళ్లీ ఇక్కడ, ఒక రాతి గుహలో, ఒక ఆడమనిషి కన్నీళ్ల ముందు. పేతురు, మరో శిష్యుడు అంతకుముందే లోపలికి వెళ్లి చూసి ఇళ్లకు తిరిగిపోయారు. నారబట్టలు చూశారని యోహాను రాశాడు, దూతలను చూశారని రాయలేదు. అక్కడే నిలబడి ఖాళీని ఇంకా చూస్తూ ఉన్న మరియకు ఆ అమరిక కనబడింది. ఆమె దాన్ని చూసి ఓదార్పు పొందలేదు. ప్రభువును ఎవరో ఎత్తుకుపోయారు, ఎక్కడ పెట్టారో తెలియదనే ఏడ్చింది. ఆమెకు అది పోగొట్టుకున్న చోటు, మన అవ్వకు ఆ వట్టి అరుగులాగే. తర్వాత ఆమె వెనక్కి తిరిగింది. నిలబడి ఉన్నది ఎవరో గుర్తుపట్టలేదు. పేరు పెట్టి పిలిచాకే గుర్తుపట్టింది.

ఈ రోజు ఒక పని చేయండి. మీ ఇంట్లోనో, చేను గట్టు మీదనో, బస్టాండ్‌లోనో ఒక్క ఫొటో తీయండి. మీరు ప్రేమించే ఒక మనిషి అందులో ఉండాలి, ఫ్రేమ్‌లో ఒక మూలన, చిన్నగా. మిగతా అంతా వదిలేయండి. తీశాక దాన్ని ఎవరికీ పంపకండి, స్టేటస్ పెట్టకండి. దాన్ని ముందు పెట్టుకొని ఆ మనిషి కోసం ప్రార్థించండి. ప్రార్థనలో మీరు చెప్పాలనుకున్నది చెప్పేశాక వెంటనే ఆమేన్ అనకండి. పాట పెట్టకండి, ఇంకో వచనం తెరవకండి. మాటలు అయిపోయాక కాసేపు అలాగే కూర్చోండి. మొదట్లో మనసు ఎటెటో పోతుంది. బోరు మోటారు, స్కూల్ ఫీజు, రాత్రి వచ్చిన ఫోన్ అన్నీ ముసురుకుంటాయి. వాటిని తరమడానికి కష్టపడకండి. మళ్లీ ఆ ఫొటో వైపు చూడండి.

ప్రార్థన

కెరూబుల నడుమ ఆసీనుడవైన ప్రభువా, బెసలేలు చేతులను ఆపిన నీవు మా చేతులను కూడా ఆపుము. మా ఫొటోల్లో, మా మందిరాల్లో, మా ప్రార్థనల్లో నీ కోసం చోటు ఉంచడం మాకు నేర్పుము. ఈ పూట ముంబయి, పుణెల్లో ఇటుకలు మోస్తున్న పాలమూరు బిడ్డలను కాపాడుము. తాళం వేసిన ఇళ్ల ముందు ఎదురుచూస్తున్న అవ్వలకు తోడుగా కూర్చుండుము. ఫ్లోరైడ్ వల్ల నొప్పితో నిద్రలేని వారిని ఆదరించుము. కెమెరా పట్టుకున్న మా పిల్లలకు ఓర్పునూ, ఎదుటి మనిషి పట్ల గౌరవాన్నీ ఇమ్ము. మరియను పిలిచినట్టు మమ్మల్ని పేరుపెట్టి పిలువుము, మేము వింటాము. యేసు నామములో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.